మేకను దించిందెవరు?

ఆ బడిలో చరిత్ర, పౌరశాస్త్రం చెప్పే టీచరుకు పిల్లలు పెట్టుకున్న పేరు తారీఖులమ్మ. ఎదుట అనరు. అనకపోయినా ఆవిడకు తెలుసు. తెలిసీ ఊరుకునేది, ఎందుకంటే లోలోపల ఆ పేరు ఆవిడకు నచ్చింది. ఏ రాజు ఏనాడు గద్దెనెక్కాడో, ఏ కోట ఏ రోజున కూలిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. చిక్కల్లా ఏమిటంటే, ఆవిడను నిద్రలో లేపి అడిగేవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడ చెబుతుంటే నిద్రపోయేవాళ్ళు మాత్రం గదినిండా ఉన్నారు.

ఆవిడ పీరియడ్ సరిగ్గా మధ్యాహ్నం భోజనాల తర్వాత. కడుపు నిండి, పైన ఫ్యాను కిర్రుకిర్రుమని జోల పాడుతుంటే కోటలు కూలితేనేం, నిలిస్తేనేం? మొదటి బెంచీలో కూర్చునే క్లాసు లీడరు ఒక్కడే కళ్ళు విప్పార్చుకుని వినేవాడు. వాడిని అందరూ బుద్ధిమంతుడు అనేవారు. అది పొగడ్త అనుకునేరు, కాదు. వాడు ఏది అడిగినా టక్కున జవాబు చెప్పేవాడు గాని, తనంతట తాను ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. చివరి బెంచీలో వాగుడుకాయ ఉండేది. ఆ పిల్ల నోరు మూతపడటం కన్నతల్లి కూడా ఎరగదు. పాఠం జరుగుతున్నంతసేపూ పక్కవాళ్ళ చెవిలో జోరీగలా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది.

ఒకనాడు హెడ్‌మిస్ట్రెస్ తారీఖులమ్మను తన గదికి పిలిపించింది. బల్లమీద సామాను సర్దుతూ, మొహం చూడకుండానే మాట్లాడింది. మొహం చూడకుండా చెప్పేది ఎప్పుడూ మంచి మాట కాదు.

"మీ సబ్జెక్టులో సగంమంది తప్పారండీ. పైనుంచి అధికారిగారు వస్తున్నారు, మీ క్లాసే చూస్తానన్నారు. ఆయనకి నచ్చిందా, సరేసరి. లేదంటే వచ్చే టర్ము నుంచి మీ పీరియడ్ లెక్కల మాస్టారికి ఇచ్చేస్తాను. మీరు లైబ్రరీ చూసుకుందురుగాని."

ఆ బడిలో లైబ్రరీ అంటే ఒక ఇనప బీరువా. దాని తాళంచెవి ఎప్పుడో పోయింది. తారీఖులమ్మ గుండెలో రాయి పడింది. ఇన్నేళ్ళు చెప్పిన చదువు, ఇక తెరుచుకోని బీరువాకు కాపలా కాయడానికా? ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. ఏడుపును కొంగుతో తుడుచుకుని, కోపాన్ని మాత్రం భద్రంగా ఇంటికి తీసుకువెళ్ళింది.

ఇంట్లో ఆ కోపం పడటానికి మేనకోడలు సిద్ధంగా ఉంది. అన్న కూతురు. ఉద్యోగం ఈ ఊళ్ళోనే కావడంతో మేనత్త ఇంట్లోనే మకాం. ఉద్యోగం ఆటలు తయారుచేసే కంపెనీలో. ఆటలంటే గెంతేవీ దూకేవీ కావు, కంప్యూటర్లో ఒకళ్ళనొకళ్ళు కాల్చుకునేవి. లక్షణంగా చదివిన చదువంతా తుపాకుల పాలు చేసిందని అత్తకు ఎప్పటినుంచో మంట. అత్త వండిన కూరలో ఉప్పెప్పుడూ ఎక్కువేనని కోడలికి అంతకంటే మంట. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం.

"ఇదిగో పిల్లా, నాకో ఆట చేసిపెట్టు," అంది తారీఖులమ్మ, చెప్పులైనా విప్పకుండా. "తెరమీద తారీఖు కనపడాలి. ఆ రోజేం జరిగిందో పిల్లలు నొక్కాలి. సరిగ్గా నొక్కితే చప్పట్లు వినపడాలి."

"తప్పు నొక్కితే?"

"మళ్ళీ అదే తారీఖు."

మేనకోడలు ఆరిన బట్టలు మడత పెడుతోంది. చేతిలో చొక్కా పక్కన పెట్టి నవ్వింది. "అత్తా, అది ఆట కాదు. పరీక్షకి రంగులేసి పిల్లల్ని మోసం చెయ్యడం. ఆటంటే వాళ్ళేదైనా చేస్తే ఏదైనా జరగాలి. వాళ్ళ వల్ల ఊరు బాగుపడాలి, లేదా చెడిపోవాలి."

"చెడిపోవడం దేనికి?"

"చెడిపోయే వీలు లేకపోతే బాగుచెయ్యాలని ఎవరికుంటుంది?"

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ మాట తారీఖులమ్మకు సూటిగా తగిలింది. ఒప్పుకోలేదనుకోండి. "సర్లే, చూద్దాం" అని వంటింట్లోకి వెళ్ళింది. ఆ మర్నాటి నుంచీ అత్తా కోడళ్ళిద్దరూ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఒక ఊరు కట్టడం మొదలుపెట్టారు. మూడు వందల ఏళ్ళ కిందటి ఊరు. చుట్టూ కోటగోడ, పక్కన నది, నదినుంచి ఒక కాలువ, మధ్యలో సంత. క్లాసులో ఒక్కొక్కరికీ ఒక్కొక్క వృత్తి. ఒకరు కుండలు చేస్తారు, ఒకరు బట్ట నేస్తారు, ఒకరు పడవ నడుపుతారు. అందరూ కలిసి ఓట్లేసి ఊరిపెద్దను ఎన్నుకుంటారు. ఊరిపెద్ద ముద్ర పడితే తప్ప ఏ పనీ జరగదు.

ఊరి నియమాలు తారీఖులమ్మవి. క్లాసులో నోట్సు చెప్పినట్టే, గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పింది. మేనకోడలు టైపు చేసింది.

"రాసుకో. ఊళ్ళో నివసించే వారెవరైనా ఊరిపెద్ద పదవికి పోటీ చేయవచ్చు. వృత్తి భేదం, ఆస్తి భేదం, ఆడా మగా భేదం ఏదీ లేదు. రాశావా?"

"రాశానత్తా."

"ఇంకోటి. సంత మధ్యలో ఒక బండ ఉండాలి. దాని పేరు నిలదీత బండ. దాని మీద నిలబడి ఎవరైనా సరే, ఎవరినైనా సరే ఒక ప్రశ్న అడగొచ్చు. అడిగించుకున్నది రాజే కానీ, రాజుగారి తాత దిగొచ్చినా కానీ, జవాబు చెప్పేదాకా ఊళ్ళో చీమ కూడా కదలకూడదు. అడిగినవాడు సరే అన్నాకే కదలాలి."

"చీమ కూడానా?"

"చీమ కూడా."

"నిజంగా అలాంటి బండ ఏ ఊళ్ళోనైనా ఉండేదా?"

"ఉండుంటే నేనిన్ని తారీఖులు బట్టీపట్టే పని తప్పేది," అంది తారీఖులమ్మ. ఆ బండంటే ఆవిడకు ముచ్చట. పడుకునేముందు కూడా దాన్నే తలుచుకుంది.

ఆటలో తనకూ ఒక వేషం కావాలంది. రాజమాత అయితే బాగుంటుందంది. మేనకోడలు కోట గుమ్మం దగ్గర చీపురు పట్టుకున్న అవ్వను చేసిపెట్టింది. అది చూసి అత్త మూతి ముడుచుకుంటే, ఊరడించడానికి అవ్వ నడుముకు ఒక పెద్ద తాళంచెవి కట్టింది. "ఇది నీ ఒక్కదాని దగ్గరే ఉంటుంది. దీంతో ఊళ్ళో ఏదైనా మార్చెయ్యొచ్చు. కంప్యూటర్లు మొరాయించినప్పుడు తప్ప ముట్టుకోకు."

"నేనేమైనా చిన్నపిల్లనా?" అంది తారీఖులమ్మ. తాళంచెవి సంగతి కూడా నియమాల్లో రాయించింది. అన్నీ పద్ధతిగా ఉండాలి కదా మరి.

కంప్యూటర్ గదిలో యంత్రాలు పాతవి. కీబోర్డుల మీద సగం అక్షరాలు చెరిగిపోయాయి. అయితేనేం, ఊరు తెరమీదకు వచ్చేసరికి పిల్లల నిద్ర ఎగిరిపోయింది. వాగుడుకాయ పడవ నడిపే మనిషి అయింది. బుద్ధిమంతుడు పన్నులు వసూలు చేసే గుమాస్తా అయ్యాడు. ఒకళ్ళ కుండలు ఒకళ్ళ బట్టలకు మార్చుకుంటూ, కాలువ నీళ్ళకోసం పోట్లాడుకుంటూ వారం తిరక్కుండానే ఆ ఊరివాళ్ళైపోయారు. బెల్లు కొట్టినా లేవరు. తారీఖులమ్మ వరండాలో నడుస్తుంటే కాళ్ళు నేలమీద ఆనలేదు. దారిలో లెక్కల మాస్టారు ఎదురైతే అడక్కపోయినా కుశలం చెప్పింది.

తర్వాత ఎన్నికలు వచ్చాయి.

బుద్ధిమంతుడు పోటీకి నిలబడ్డాడు. రాత్రంతా రాసుకున్న ఉపన్యాసం చదివాడు. మనమందరం క్రమశిక్షణతో మెలగాలి అన్నాడు. అందరూ ఆవులించారు. వాడి తర్వాత వాగుడుకాయ లేచింది. తను నిలబడటం లేదు, ఒకరి పేరు ప్రతిపాదిస్తున్నానంది. సంత పక్కన గడ్డి మేస్తున్న మేక పేరు.

ఆ మేక ఎక్కడినుంచి వచ్చిందంటారా? పాత ఊరన్నాక ఒక మేకైనా లేకపోతే ఊరెలా అవుతుందని పట్టుబట్టి పెట్టించింది తారీఖులమ్మే.

"మా అభ్యర్థి అబద్ధం చెప్పదు," అంది వాగుడుకాయ. "ఎవరి మాటా కాదనదు. దొరికింది మేస్తుంది గాని దాచుకోదు. బంధువులకి పనులు చేసిపెట్టదు, ఎందుకంటే దానికి బంధువులు లేరు. ఉపన్యాసం అసలివ్వదు."

చివరి మాటకు చప్పట్లు మోగాయి. మేక బంపర్ మెజారిటీతో గెలిచింది. బుద్ధిమంతుడి ఓటు వాడికే పడింది. ఇంకెవరిదీ పడలేదు. వాడు తలొంచుకుని తన పెట్టెలో పన్నుల నాణేలు సర్దుకున్నాడు.

తారీఖులమ్మ వరండాలోకి పరిగెత్తి మేనకోడలికి ఫోను చేసింది. "మేక గెలిచిందేంటే?"

"నివసించే వారెవరైనా అన్నావుగా. అది అక్కడే నివసిస్తోంది."

"మనుషులు అని విడిగా చెప్పాలా?"

"నువ్వు నాకు చెప్పక్కర్లేదు. కంప్యూటరుకి చెప్పాలి. దానికి మొహమాటం తెలీదత్తా, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది."

మొదట్లో భలే సరదాగా ఉంది. ఊరిపెద్ద గద్దెమీద కూర్చుని నెమరు వేస్తుంటే చూసి పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. తర్వాత కాలువ తలుపు విరిగింది. బాగుచెయ్యాలంటే ఉత్తర్వు మీద ముద్ర పడాలి. ఉత్తర్వు మేక ముందు పెట్టారు. మేక దాన్ని నమిలేసింది. ఇంకోటి పెట్టారు. అదీ నమిలేసింది. కాలువ ఎండింది. కుండలకు మట్టి తడవలేదు, చేలు వాడాయి, సంత బోసిపోయింది. వాగుడుకాయ పడవ ఇసుకలో కూరుకుపోయింది. ఆ రోజునుంచీ ఆ పిల్ల మేకమీద జోకులు మానేసింది.

నవ్వులు పోయి తగువులు మొదలయ్యాయి. నీవల్లే అంటే నీవల్లే అనుకున్నారు. అన్నాల దగ్గరా అదే గొడవ, మైదానంలోనూ అదే. చివరికి అందరూ కలిసి తారీఖులమ్మ చుట్టూ మూగారు.

"టీచర్, మేకని దించడమెలా?"

"నన్నడగొద్దు. నియమాలున్నాయిగా, చదువుకోండి," అంది ఆవిడ.

చదివారు. ఆవిడ ఉద్యోగంలో చేరిన నాటినుంచీ, ఆవిడ రాసినదాన్ని ఎవరూ కొట్టకుండా తిట్టకుండా చదవడం అదే మొదలు. చదివి కనిపెట్టారు. సంత రోజున ఊరంతా సమావేశమై, నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకుంటే ఊరిపెద్దను దించవచ్చు. ఇక చూసుకోండి బేరాలు. నేతవాళ్ళు ఒప్పుకుంటే కుమ్మరివాళ్ళు ఒప్పుకోరు. కొందరికి మేకంటే ఇంకా జాలి. వాగుడుకాయ ఇంటింటికీ తిరిగి, తనే ఎక్కించిన మేకను దించడానికి తనే కాళ్ళావేళ్ళా పడింది. బుద్ధిమంతుడు పన్నుల పెట్టె పక్కన పెట్టి ఒప్పుకున్నవాళ్ళను లెక్క చూసుకున్నాడు.

పాఠం చక్కగా సాగుతోంది. సాగకపోవడం ఏమిటి, పరుగెడుతోంది. కానీ తర్వాతి సంత అధికారి వచ్చి వెళ్ళిన మర్నాడు పడింది. అంటే ఆయన వచ్చేసరికి కాలువ ఎండి, చేలు మాడి, వీధుల్లో పిచ్చిమొక్కలు మొలిచి, గద్దెమీద మేక ఉంటుంది. ఆ దృశ్యం తలుచుకుంటే తారీఖులమ్మకు ఇనప బీరువా కళ్ళముందు కదిలింది.

అధికారి వస్తాడనగా ముందురోజు సాయంత్రం, బడి వదిలాక ఆవిడ ఒంటరిగా కంప్యూటర్ గదిలో కూర్చుంది. తెరమీద ఊరు బావురుమంటోంది. మేక ఆవిడకేసి చూసి నెమరు వేసింది. "ఏం చూస్తావే, అంతా నీవల్లే," అని మేకను తిట్టింది. ఒక్కరోజుకే కదా అనుకుంది. పిల్లలకోసమే కదా అనుకుంది. అవ్వ నడుముకున్న తాళంచెవి నొక్కింది.

మేక గద్దె దిగి ధాన్యపు కొట్టు వెనక గుంజకు చేరింది. బుద్ధిమంతుడి బొమ్మ గద్దెనెక్కింది. కాలువలో నీళ్ళు గలగలా పారాయి. పిచ్చిమొక్కలు మాయమై, గోడలకు సున్నం పడి, ఊరు కడిగిన ముత్యంలా మెరిసింది. తారీఖులమ్మ తేలు కుట్టిన దొంగలా ఇంటికి వెళ్ళింది. "ఏంటత్తా, ఇవాళ కూర గురించి కూడా నన్ను తిట్టలేదు?" అంది మేనకోడలు. తలనొప్పి అని చెప్పి అత్త పడుకుంది.

మర్నాడు అధికారి వచ్చాడు. లావుపాటి సంచీ, సన్నపాటి గొంతు. ఏ మాట విన్నా "చూద్దాం" అనడం అలవాటు. ఆయనకు వెనకవైపు మెత్తటి కుర్చీ వేసి, టీ ఇచ్చారు. పక్కన హెడ్‌మిస్ట్రెస్ నిలబడింది. గోడమీద పెద్ద తెర కట్టి ఊరంతా కనిపించేలా పెట్టారు.

పిల్లలు కూర్చుని యంత్రాలు తెరిచారు. తెరిచినవాళ్ళు తెరిచినట్టే ఉండిపోయారు. పారుతున్న కాలువను చూశారు, నీటిమీద తేలుతున్న పడవను చూశారు, గద్దెను చూశారు. ఆ తర్వాత ఒక్కొక్కరే తల తిప్పి మొదటి వరుసలో కూర్చున్న బుద్ధిమంతుడిని చూశారు.

"టీచర్, మన మేక..." అని మొదలుపెట్టింది వాగుడుకాయ. తారీఖులమ్మ ఒక్క చూపు చూసింది. వాగుడుకాయ నోరు మూసుకుంది.

"ఈ ఊళ్ళో పిల్లలే ఓట్లేసి పెద్దను ఎన్నుకున్నారు సార్," అంది తారీఖులమ్మ, అధికారి వైపు తిరిగి. "చూడండి, ఎంత శుభ్రంగా నడుపుకుంటున్నారో."

"బాగుంది, బాగుంది," అన్నాడు అధికారి. హెడ్‌మిస్ట్రెస్ నవ్వింది. ఆవిడ నవ్వడం ఆ టర్ములో అదే మొదటిసారి. నెత్తిన పాలు పోసినట్టయింది తారీఖులమ్మకు.

అప్పుడు తెరమీద ఊరిపెద్ద గద్దెమీంచి లేచాడు. మెట్లు దిగాడు. సంతలో కుండలవాళ్ళను, బట్టలవాళ్ళను తప్పించుకుంటూ నడిచి వెళ్ళి, నిలదీత బండ ఎక్కాడు. వాడి తలమీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. "కోట గుమ్మం దగ్గరున్న అవ్వకు నా ప్రశ్న. నాకెవరూ ఓటెయ్యలేదు. మేకను దించిందెవరు?"

ఊరు ఆగిపోయింది. కాలువ నీళ్ళు పారుతున్న చోటే నిలిచాయి. కుమ్మరి చక్రం ఆగింది. గోడమీంచి ఎగిరిన పిట్ట గాలిలో అలాగే ఉండిపోయింది. మేనకోడలు మాట తప్పలేదు, గద్దె మెట్లమీద పాకుతున్న చీమల బారు కూడా ఆగింది.

"ఏమైంది? కరెంటు పోయిందా?" అన్నాడు అధికారి.

"ఏం లేదు సార్, ఒక్క క్షణం," అంటూ తారీఖులమ్మ తన యంత్రం దగ్గరకు ఉరికింది. గబగబా టైపు చేసింది. గోడమీద చీపురు అవ్వ తలపైన ఆ మాటలు వెలిగాయి. "కొన్ని అనివార్య కారణాల వల్ల మార్పు జరిగినది."

బుద్ధిమంతుడు సరే అనలేదు. ఊరు కదల్లేదు.

"విషయం పరిశీలనలో ఉన్నది," అని కొట్టింది.

అధికారి కుర్చీలో ఇబ్బందిగా సర్దుకున్నాడు. ఆ మాట ఆయన రోజూ తన చేత్తో రాసేదే.

"పైనుంచి వచ్చిన ఆదేశాల ప్రకారం," అని కొట్టింది.

"అవ్వ పైన ఎవరున్నారు టీచర్? ఆకాశం తప్ప ఏమీ కనపడట్లేదు," అంది వాగుడుకాయ. ఆ పిల్లకు చూపుతో నోరు మూయించే గడువు అయిపోయింది.

తారీఖులమ్మ తాళంచెవి నొక్కింది. ఊరు కదల్లేదు. మూలకు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని మేనకోడలికి ఫోను చేసింది. "ఇది కదలట్లేదే. ఎలాగైనా కదిలించవే, నీకు పుణ్యముంటుంది."

"తాళంచెవి నొక్కావా అత్తా?" అంది మేనకోడలు. మళ్ళీ తనే, "నిన్న కూడా నొక్కావా?" అంది.

అత్త కొంగు ఇంకాస్త దగ్గరకు లాక్కుంది.

"రాజుగారి తాత దిగొచ్చినా అన్నావు. నీకు మినహాయింపు చెప్పలేదు. జవాబు చెప్తే కదులుతుంది, అంతే."

ఫోను పెట్టేసి తారీఖులమ్మ బుద్ధిమంతుడి దగ్గరకు వెళ్ళింది. గట్టిగా కసరాలనే వెళ్ళింది. వాడి చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. కళ్ళనిండా నీళ్ళు. కీబోర్డు మీద వేళ్ళు మాత్రం తియ్యలేదు.

"అందరూ నన్నే చూస్తున్నారు టీచర్," అన్నాడు, ఆవిడకు మాత్రమే వినపడేలా. "నేనే ఏదో చేసి ఎక్కాననుకుంటున్నారు. నాకు గెలవాలనే ఉండింది. కానీ ఇలా కాదు."

తారీఖులమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇన్నేళ్ళుగా గద్దెలు లాక్కున్నవాళ్ళ పేర్లు, తారీఖులతో సహా, బోర్డు మీద రాసి పిల్లల చేత వల్లెవేయించింది. వాళ్ళూ ఒక్కరోజుకే అనుకుని ఉంటారు. ఊరికోసమే అనుకుని ఉంటారు. మేక ఊరిని మేసిందంటే అర్థముంది, అది మేక. కంచే చేను మేస్తే ఏమనాలి?

ఆవిడ గది మధ్యకు వచ్చి నిలబడింది. టైపు చెయ్యలేదు, నోటితోనే చెప్పింది.

"నేనే దించాను. మిమ్మల్నెవర్నీ అడగలేదు. సార్ వస్తున్నారు, ఊరిలా ఉంటే నా పీరియడ్ పోతుందని భయపడి దించాను. వీడికేమీ తెలియదు. సార్, ఇందాక మీకు చెప్పింది కూడా అబద్ధమే. ఈ పిల్లలు ఎన్నుకున్నది మేకను."

తర్వాత వెళ్ళి, ఆ మొదటి రెండు మాటలే అవ్వ తలమీద కనిపించేలా కొట్టింది.

బుద్ధిమంతుడు చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "సరే" అని కొట్టాడు. పిట్ట ఎగిరింది. నీళ్ళు కదిలాయి. తారీఖులమ్మ అందరూ చూస్తుండగా మేకను గద్దెమీద తిరిగి కూర్చోబెట్టింది. కాలువ ఎండిపోయింది, మొక్కలు మొలిచాయి. వాగుడుకాయ పడవ మళ్ళీ ఇసుకలో దిగబడింది.

"మేకా?" అన్నాడు అధికారి.

ఆ ఒక్కమాట చాలు వాగుడుకాయకు. మేక ప్రచారం దగ్గరనుంచి రేపటి సంతదాకా ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. మూడొంతుల మంది ఎందుకు, సగం చాలదా అని ఆయన అడిగితే, నాలుగు మూలల్నుంచీ నలుగురు జవాబు చెప్పారు. ఆ నలుగురూ ఏడాదంతా నిద్రపోయినవాళ్ళే. ఆయన ఇంకో టీ అడిగాడు. తారీఖులమ్మ ప్రాణం కొంచెం కుదుటపడింది.

హెడ్‌మిస్ట్రెస్‌కు మాత్రం తల కొట్టేసినట్టయింది. పైఅధికారి ఎదుట ఇంత రచ్చా? "ఇక చాలు," అంది, బల్లమీద కొట్టి. "మేకలూ, నాటకాలూ. వచ్చే టర్ము నుంచి ఈ పీరియడ్ లెక్కల మాస్టారిది. అందరూ లేచి క్లాసుకి పదండి."

బుద్ధిమంతుడు లేచాడు. లేచి క్లాసుకు పోలేదు. తను కూర్చున్న బల్ల ఎక్కి నిలబడ్డాడు.

"ఎవర్ని అడిగి మేడమ్?" అన్నాడు.

గది ఆగిపోయింది. లేవబోతున్న పిల్ల సగం లేచి ఉండిపోయింది. తల గోక్కుంటున్నవాడి చెయ్యి జుట్టులోనే నిలిచింది. సంచీ అందుకోబోయినవాడు వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. వాగుడుకాయ ఏదో మాట మధ్యలో ఉంది. నోరు తెరిచి ఉంది, మాట లేదు. కన్నతల్లి వచ్చి చూసి ఉంటే దిష్టి తీసేది. పైన ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది, దానికి నియమాలు తెలియవు.

"ఏంటిది? కదలండి," అంది హెడ్‌మిస్ట్రెస్. ఎవరూ కదల్లేదు. "టీచర్, చెప్పండి వీళ్ళకి."

తారీఖులమ్మ చెయ్యి కీబోర్డు మీద ఉంది. తియ్యలేదు. ఆవిడా ఆ ఊరి మనిషే కదా మరి.

హెడ్‌మిస్ట్రెస్ అధికారి వైపు చూసింది. ఆయన చేతిలో టీ కప్పు పెదవులకు జానెడు దూరంలో ఆగి ఉంది. ఆశ్చర్యంతో ఆగాడో, ఆటలో ఆగాడో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

"అది... పరిపాలనా సౌలభ్యం కోసం..." అంది హెడ్‌మిస్ట్రెస్.

బుద్ధిమంతుడు సరే అనలేదు.

ఆవిడ ఒకసారి తలుపు వైపు చూసింది. తలుపు దగ్గర, గోల విని వచ్చిన లెక్కల మాస్టారు నిలబడి ఉన్నాడు. చూసి చూసి, ఆవిడే గొంతు తగ్గించింది.

"ఎవర్నీ అడగలేదు."

"మరి ఇప్పుడు అడుగుతారా మేడమ్?"

"అడుగుతాను. దిగు ముందు, పడతావు."

"సరే," అని దిగాడు బుద్ధిమంతుడు. వాగుడుకాయ మధ్యలో ఆపిన మాట మధ్యలోంచే అందుకుంది. అధికారి చల్లారిన టీ తాగి, "ఇలాంటి బండ మా ఆఫీసుకి మాత్రం పంపకండమ్మా," అన్నాడు.

హెడ్‌మిస్ట్రెస్ అన్న మాట ప్రకారం అక్కడే అడిగింది. పీరియడ్ తారీఖులమ్మ దగ్గరే ఉండాలన్నవాళ్ళు చేతులెత్తమంది. గదిలో చేతులన్నీ లేచాయి. అందరికంటే ఎత్తుగా లేచింది తలుపు దగ్గర లెక్కల మాస్టారి చెయ్యి. "అన్నాల తర్వాత పీరియడ్ నాకొద్దండీ, మీకు దండం పెడతాను," అన్నాడు ఆయన. చివరకు హెడ్‌మిస్ట్రెస్ కూడా నవ్వింది, ఆ టర్ములో రెండోసారి.

మర్నాటి సంతలో మేక పద్ధతి ప్రకారమే దిగింది. కొత్త ఎన్నికల్లో వాగుడుకాయ గెలిచింది. బుద్ధిమంతుడు మళ్ళీ ఓడాడు, కాకపోతే ఈసారి వాడికి క్లాసులో దాదాపు సగం ఓట్లు వచ్చాయి. కొత్త ఊరిపెద్ద మొదటి ముద్ర కాలువ తలుపు మీద పడింది. రెండో ముద్ర అవ్వ మీద. నడుముకున్న తాళంచెవి తీసి అందరి ఎదుటా నదిలో పారేయాలి, టర్ము ముగిసేదాకా మేకను కాయాలి. తారీఖులమ్మ కిమ్మనకుండా మేకను తోలుకుపోయింది.

ఇది జరిగిన తారీఖు ఏ పుస్తకంలోనూ లేదు. ఏ పరీక్షలోనూ అడగలేదు. కానీ ఆ క్లాసు పిల్లల్లో ఎవరినైనా సరే, నిద్రలో లేపి అడగండి, చెబుతారు.